మొద్దుబారిన ఒకటిన్నర వేలు

వీధంతా ‘సెలూన్ మామయ్య’ అని పిలిచే ఆయన ఎనిమిదేళ్ల కిందట మెట్ల మీంచి జారి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తే ఎముక భేషుగ్గా అతుక్కుంది గానీ, అక్కడ నలిగిన నరం మాత్రం పూర్తిగా కోలుకోలేదు. చిటికెనవేలూ, దాని పక్కవేల్లో సగమూ మొద్దుబారిపోయాయి. గడ్డం గీసేటప్పుడు చెంప మీద ఆనించి చేతిని నిలిపేది ఆ చిటికెనవేలే. అయినా మామయ్య తగ్గలేదు. ఆ పని ఎడమచేతికి అప్పగించి, కుడిచేత్తోనే కత్తి మళ్లీ పట్టాడు.

మొన్న పరీక్షకు వెళ్తే, ఆపరేషన్ చేసిన డాక్టరే ఆయన్ని కళ్లు మూసుకోమన్నాడు.

“చిటికెనవేలికి సూది గుచ్చుతున్నా. తెలుస్తోందా?”

“ఓ, బ్రహ్మాండంగా తెలుస్తోందండీ!”

“నేనింకా సూదే తియ్యలేదు మామయ్యా.”

మామయ్య ఏమాత్రం తొణకలేదు. “దానికి తెలియకపోతే కొంపేం మునిగిందండీ? ప్రతి ఆదివారం మీ గడ్డం గీసేది ఈ చెయ్యే కదా, ఎప్పుడైనా ఒక్క గాటు పడిందా?”

డాక్టరు తన గడ్డం తడిమి చూసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే సెలూన్‌కి వచ్చి ఎప్పటిలాగే కుర్చీలో వెనక్కి వాలాడు. మామయ్య కత్తి తెరవగానే డాక్టరు హాయిగా కళ్లు మూసుకున్నాడు.