నేను ఆమెన్ అన్న ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మన సంఘంలో చాలామంది మా రాజేశం సంగతి చెబుతూ, నన్ను చూపించి, "అన్న ఒక్క ప్రార్థన చేస్తే తమ్ముడు బతికిండు" అంటారు. జరిగింది అది కాదు. దాన్ని సరిచేయాలనే ఈరోజు నిలబడ్డాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. సిరిసిల్లలో ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, మరమగ్గాలు ఆగిపోయి మేమంతా దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్లం. ఎక్కడో ఎవరో పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ, నా పక్క మగ్గం నడిపే రాజేశం అన్నం ముట్టేవాడు కాదు. ఒక ఆదివారం ప్రార్థన అంశాలు అడిగితే లేచి, "నన్ను జల్ది తన దగ్గరికి తీస్కపొమ్మని ప్రార్థన చెయ్యుండ్రి" అన్నాడు. ఎంత భక్తి అనుకున్నాను! అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది నేనే, సహోదరులారా!

మరునాడు, కూటాల్లో తాను వాయించే డోలక్ తెచ్చి మా ఇంట్లో పెట్టి, "ఇగ నువ్వే వాయించుకో అన్నా" అన్నాడు.

"ఏందిరా, నాకు చప్పట్లు కొట్టుడే సక్కగ రాదు" అని నవ్వాను. వాడు నవ్వలేదు. నిన్న వాడు అడిగిన ప్రార్థనకు అర్థం అప్పుడు తెలిసింది. కళ్లు మూసుకోకుండానే లోలోపల మొరపెట్టుకున్నాను: "ప్రభువా, నిన్న తెల్వక ఆమెన్ అన్న, గా మాట కొట్టెయ్యి. గీనితోని మాట్లాడే ధైర్యమియ్యి."

చేయి పట్టుకుని సూటిగా అడిగాను. "తమ్మీ, సచ్చిపోవాలనిపిస్తుందా?"

"అవునన్నా" అని భోరున ఏడ్చాడు. "గిన్ని దినాలు ఎవ్వలడగలే."

నేను వాక్యం చెప్పలేదు, తప్పుపట్టలేదు, పక్కన కూర్చుని విన్నాను. ఒంటరిగా పోనివ్వకుండా, వాడికి ముందే చెప్పి, వాడి భార్యను పిలిపించాను. ఇద్దరం కలిసి బస్సెక్కించి కరీంనగర్‌లో మానసిక వైద్యుని దగ్గరికి తీసుకుపోయాం.

"పిచ్చోళ్ల డాక్టర్ కాడికా!" అని దారంతా గొణిగాడు.

"నేను సుత చూపిచ్చుకుంట, నడువు" అన్నాను.

మందులు వాడాడు, మనసు విప్పి మాట్లాడాడు, మెల్లగా నిద్ర పట్టింది. మళ్లీ చీకటి రోజులు వచ్చాయి, మళ్లీ డాక్టర్ దగ్గరికి పోయాం. ఆ మందులోనూ, వాడి భార్య, ఆ చెల్లెలు, కనిపెట్టుకుని ఉండడంలోనూ పనిచేసింది మన దేవుడే, ఆయనకే మహిమ!

మీలో ఎవరైనా ఇదే బరువు మోస్తూ, చెప్పుకునే చోటు లేదని కూర్చుని ఉంటే, ప్రభువును నమ్మండి, ఆయన పంపే మనుషులనూ నమ్మండి. కూటం అయ్యాక నేను గేటు దగ్గరే ఉంటాను, రాజేశం కూడా ఉంటాడు. ముందు చాయ్ తాగుదాం.