నేను ఎక్కని మాచు పిచ్చు

పెరూ వెళ్దామన్న ఆలోచన నాదే. అమెరికా వీసా ఉంటే మనవాళ్ళకి అక్కడ వేరే వీసా అక్కర్లేదని తెలియగానే ఇన్కా నాగరికత మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నెల రోజులు కూర్చుని ఎక్సెల్ షీట్ తయారుచేశాను. ఏ గంటకి ఏ శిథిలం చూడాలో, దాని ముందు ఎన్ని నిమిషాలు ఆశ్చర్యపోవాలో కూడా అందులో రాసుకున్నాను.

కుస్కో ఊరు పదకొండు వేల అడుగుల ఎత్తున ఉంటుంది. దిగగానే హోటలావిడ నా ముందూ, మా ఆవిడ ముందూ కోకా ఆకుల టీ పెట్టింది. ఆ ఎత్తు పడనివాళ్ళకి అక్కడ అదే మందు. నేను కప్పు పక్కకి నెట్టేశాను. తిరిగి వెళ్ళిన వారమే కొత్త క్లయింట్ దగ్గర డ్రగ్ టెస్ట్ ఉంది. కొకైన్ తీసేదీ ఆ ఆకుల్లోంచే. ఆ టీ వల్ల టెస్ట్ పాజిటివ్ వస్తే ఉద్యోగం, దాంతోపాటు వీసా గోవిందా! మా ఆవిడది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేసే అనుమతే లేదు కాబట్టి టెస్ట్ గొడవా లేదు. తన కప్పు తాగి, నాదీ తాగేసింది.

తెల్లారేసరికి నాకు తల బద్దలైపోతోంది, వాంతులు. ఇన్కాలు కొండ మీద కట్టిన మాచు పిచ్చు నగరానికి టికెట్లు ఆ రోజువే, మార్చడం కుదరదు.

"నువ్వు వెళ్ళిరా. నా గురించి ఆలోచించకు" అన్నాను త్యాగమూర్తిలా.

అలాంటి మాటకి భార్య ఏమని బదులివ్వాలో లోకమంతటికీ తెలుసు. మా ఆవిడకే తెలియలేదు. "సరేనండీ, నీళ్ళు పక్కనే పెట్టాను" అని షూ లేసులు కట్టుకుని బయల్దేరింది. నేను ఆక్సిజన్ డబ్బా పట్టుకుని హోటల్ సీలింగ్‌ని రోజంతా క్షుణ్ణంగా దర్శించాను.

చీకటిపడ్డాక వచ్చింది. ఎండకి కమిలిన ముఖం వెలిగిపోతోంది. మంచం అంచున కూర్చుని ఏదో చెప్పబోయింది. తలనొప్పిగా ఉంది, రేపు చెప్పమన్నాను. ఫొటోలు మాత్రం అప్పుడే నా ఫోన్‌కి పంపించుకున్నాను.

రెండు వారాల తర్వాత, అమెరికాలో మా నేపర్‌విల్‌లో స్నేహితుల ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు. "ఏంటి బ్రో, పెరూ కొట్టొచ్చారంట!" అన్నారెవరో. అంతే, ఫొటోలు టీవీకి ఎక్కించాను. పొగమంచు తెర తొలగడం, రాయికీ రాయికీ మధ్య బ్లేడు కూడా దూరకపోవడం, ఆ మెట్ల మీద నా ఆయాసం... ఇంటర్నెట్‌లో చదివినవన్నీ కళ్ళారా చూసినట్టు చెప్పేశాను. మా ఆవిడ అక్కడే వంకాయ కూర వడ్డిస్తోంది. తను నోరు విప్పితే నా పరువు గంగలో కలిసినట్టే.

ఇంతలో ఆ ఇంటి అమ్మాయి అడిగింది. "అంకుల్, మీరు ఒక్క పిక్చర్‌లో కూడా లేరు, వై?"

నేను గబగబా తర్వాతి ఫొటోకి జరిపాను.

"తీసింది అంకులే కదమ్మా" అంది మా ఆవిడ గరిటె దింపకుండానే.

"హస్బెండ్ అంటే అలా ఉండాలి!" అని ఆడవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. నాకు సిగ్గేసింది. ఆ కొండ మీద ఆమె ఒక్కతే ఏం చూసిందో రెండు వారాలుగా నేను అడగనే లేదు.

కార్‌లో కూర్చున్నాక అడిగాను. "పైన ఎలా ఉంది?"

సీటు బెల్ట్ పెట్టుకుంటూ నా వైపు చూడకుండానే అంది. "ఇందాక మీరు బాగానే చెప్పారుగా."