బియ్యం లారీ గుట్ట దగ్గర ఎందుకు ఆగేది

మా బావ నడిపిన బియ్యం లారీ గుట్ట దగ్గర ఎందుకు ఆగేదో నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. అడిగినవాళ్లకు చెప్పలేదు, అడగనివాళ్లకు అసలే చెప్పలేదు. మొన్న ఎండాకాలంలో బీర్పూర్ నుంచి ఒకాయన జగిత్యాలలోని మా షెడ్డుకు పాత వ్యాను తెచ్చి, కొంత దూరం పోగానే ఆగిపోతోందని, ముగ్గురు మెకానిక్‌లకు చూపించినా దొరకలేదని మొరపెట్టుకుంటే, నేను బానెట్టు కూడా ఎత్తకుండా డీజిలు ట్యాంకు మూత తెమ్మన్నాను. దాని గాలిరంధ్రం మట్టితో పూడి ఉంది. సూదితో పొడిచి ఇచ్చాను. "చూడంగనే వట్టినవ్ గదనే! గిది నీకెట్ల తెలిసె?" అని ఆయన నా చేతులు పట్టుకుంటే విడిపించుకుని షెడ్డు లోపలికి పోయాను. ఆ పూట అన్నం సహించలేదు.

ఆ రోజులెలాంటివో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. అడవిలోని అన్నలు, అదే నక్సలైట్లు, పిలిచినా పోవాలి, పోలీసులు పిలిచినా పోవాలి. పోయి వచ్చినవాడితో ఊళ్లో ఎవరూ రెండు మాటలకు మించి మాట్లాడేవారు కాదు. మా అక్క భర్త సిరిసిల్లలో నేతపని చేసే ఇంట పుట్టి, ఒకచోట కూర్చుని చేసే పని తనవల్ల కాదని స్టీరింగు పట్టినవాడు. లారీ పాతది. యజమాని బుగ్గారం వైపు భూములు వదిలి, అన్నల భయంతో జగిత్యాలకు వచ్చి ఉంటున్న పటేలు. కోరుట్ల మిల్లులో బియ్యం ఎత్తుకుని సిరిసిల్లలో దించడం బావ పని. బండి మరమ్మతులు నావి.

గతుకుల రోడ్డు మీద ట్యాంకు మూత సందులోంచి డీజిలు ఒలికిపోతోందని బావ అంటే, పాత ట్యూబు ముక్కను గుండ్రంగా కోసి మూత లోపల బిగించాను. నడిమధ్య చిల్లు వదలాలని తట్టలేదు. ఒక్క చుక్క ఒలకలేదని బావ మెచ్చుకున్నాడు. మూత గాలి పీల్చుకోకపోతే ఇంజను ట్యాంకులోంచి డీజిలు లాగీ లాగీ, ఇక లాగలేక ఆగిపోతుంది. బావ దిగి, డీజిలుందో లేదో చూద్దామని మూత తీసి పుల్ల ముంచేవాడు. ఆ మూత తీయడమే మందయ్యేది; కాసేపటికి బండి లేచేది. ఎప్పుడూ కోరుట్లలోనే ట్యాంకు నింపుకుని, అంతే బరువుతో అదే దారిన వచ్చేవాడు గనుక ఆగే చోటూ దాదాపు ఒకటే అయింది, అడవి గుట్టల నడుమ.

ఇదంతా ఇప్పుడు ఇంత తేలికగా రాస్తున్నాను గాని అప్పుడు నాకు అంతుపట్టలేదు. ఫిల్టరు మార్చాను, పైపులు ఊదాను, పంపు రెండుసార్లు విప్పి బిగించాను. కొండగట్టు దాకా నడిపి చూస్తే, ఆ కొద్ది దూరం బండి చక్కగా పోయి వచ్చేది. "బామ్మర్దీ, నువ్వు మెకానిక్‌వా, భూతవైద్యునివా? నీ ముంగట మంచిగుంటది, గుట్ట ముంగట సస్తది" అని బావ అందరి ఎదుటా ఎగతాళి చేస్తే నవ్వేవాణ్ణే గాని, లోపల మండేది.

బియ్యం లారీ వారం వారం గుట్ట దగ్గరే ఎందుకు ఆగుతోంది, అన్నలకు బియ్యం దించడానికేనా అన్న మాట పోలీసుల చెవిన పడింది. ఒకనాడు పొద్దున వాళ్లు బావను, పటేలును వెంటబెట్టుకుని షెడ్డుకే వచ్చారు. జీపు దిగిన ఆఫీసరు నన్ను అడిగింది ఒక్కటే.

"బండ్ల ఖరాబున్నదా, లేదా?"

నాకు దొరకలేదని చెప్పి ఉంటే సరిపోయేది. నలుగురు తోటి పనివాళ్ల ముందు, అన్నిసార్లు విప్పి బిగించిన నాకు ఆ మాట నోట రాలేదు.

"లేదు సార్. మొత్తం నేనే చూసిన. ఇంజను మంచిగున్నది."

బావ నా ముఖం వైపు చూశాడు. కోపంగా కాదు; నేనేదో మరిచిపోయానని, ఇప్పుడే గుర్తొచ్చి చెబుతానని ఎదురుచూస్తున్నట్టు. తరువాత జీపెక్కాడు.

నాలుగో రోజున కొత్త డ్రైవరు అదే లారీని ఆయిలు మార్చడానికి తెచ్చాడు. డీజిలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే రాలేదు. బలంగా లాగేసరికి గాలి బుస్సుమని లోపలికి దూసుకుపోయింది. తిరగేసి చూశాను. నా రబ్బరు ముక్క గిన్నెలా లోపలికి గుంజుకుపోయి ఉంది. బండిని ఆపింది నా చేతి పనేనని అప్పుడు తెలిసింది. బావ ఇంకా ఠాణాలోనే ఉన్నాడు. ఆ మూత పట్టుకుని పరుగెత్తవలసింది. కావాలనే ఆపించావని నన్నూ లోపలేస్తారన్న భయంతో, రబ్బరు పీకి మురికి కాలువలో పారేశాను. పారేసినందువల్ల జరిగింది నేను అనుకున్నదానికన్నా ఘోరం. ఆ వారం లారీ ఎక్కడా ఆగకుండా గుట్ట దాటింది. డ్రైవరు మారగానే రోగం పోయిందని జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా చెప్పుకున్నారు. బావ మీద ఉన్న అనుమానాన్ని నేనే రుజువు చేసి పెట్టాను.

ఎనిమిది రోజులకు బావను వదిలారు. ఎడమకాలు మళ్లీ క్లచ్చు తొక్కలేదు. తనవల్ల కాదన్న పనికే తిరిగిపోయి, కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టి సంసారం ఈదాడు.

వ్యాను వచ్చిన మర్నాడు నేను సిరిసిల్ల బయలుదేరాను. గుట్టల మధ్య రోడ్డు ఇప్పుడు వెడల్పయింది. జనం కార్లు ఆపుకుని ఫోటోలు దిగుతున్నారు. ఎందుకు ఆగావని ఎవరూ ఎవరినీ అడగడం లేదు. ఆగడం అంత చిన్న సంగతి అయిపోయినందుకు సంతోషించవలసింది పోయి, నేను తల తిప్పుకున్నాను.

అక్క గడపలో కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. మూత సంగతి, రబ్బరు సంగతి, పారేసిన సంగతి ఇద్దరికీ వినబడేట్టు చెప్పాను. బావ లోపలినుంచి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. తిడతాడని, కొడతాడని తల వంచుకుని ఉన్నాను.

"గట్లంటె... నేను ఆపలేదా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"అందరు అనంగ అనంగ నాకే అనుమానమైందిరా. గుట్ట కాడికి రాంగనే భయానికి నా కాలే రేసు పెడలు మీదికెళ్లి లేస్తుండెనేమో అనుకున్న. మీ అక్క గూడ ఒక్కపారి అడిగింది, నిజం జెప్పు, ఆపినవా అని. ఏమో అన్న."

అక్క చేతిలో కాయలు అలాగే ఉండిపోయాయి. పోలీసులు బావ కాలు ఒక్కటే విరిచారని ముప్పై ఏళ్లు అనుకున్నాను. తన మీద తనకున్న నమ్మకాన్ని విరిచింది నేను. లేచి బావ ముందు నేల మీద కూర్చున్నాను.

"నువ్వు ఆపలే బావా. ఒక్కనాడు గూడ ఆపలే. బండిని ఆపింది నేను, తెలిసి నోరు మూసుకున్నది నేను. అక్కా, నువ్వు గూడ ఇను. తప్పయింది బావా."