నేను కాల్చిన స్పీకరు

మా ముత్తాత నల్లమాడ పక్కన మా ఊరికి మునసబు. తాతా మునసబే. ఆయన తీర్పు చెబితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ఎదురు మాట్లాడేవారు కాదు. నాయన రెండుసార్లు సర్పంచి. నేను ఏమీ కాలేదు. ఆ పేర్ల వెనుక నిలబడి ఒక అబద్ధం మాత్రం చెప్పాను. పన్నెండేళ్లుగా దాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకే చెబుతున్నాను.

మా ఊరి జాతరలో అమ్మవారి ఊరేగింపుకు ముందు మా ఇంటి బండే నడవాలి. తాత కాలంలో ఎద్దులబండి, మేళం. నా కాలానికి పాత కారు, అందులో పాటలు. పన్నెండేళ్ల కిందట జాతరకు ముందు, కార్లలో స్టీరియోలు బిగించే బాషా దానికి కొత్త స్పీకర్లు పెట్టాడు. రోడ్డు పక్కన మేము అద్దెకిచ్చిన గదిలోనే అతని అంగడి.

"సౌండు సగం దాటనీయొద్దన్నా. ఈ స్టీరియోకు అంత బలం లేదు. పాట పగులుతాది, స్పీకరు కాలుతాది" అని ఆరోజే చెప్పాడు.

ఊరేగింపులో మా వెనుక ఒక కాంట్రాక్టరు కొత్త బండి వచ్చింది. దాని పాటల మోతలో మా పాట వినబడలేదు. నేను సౌండు చివరిదాకా తిప్పాను. పాట గరగరలాడింది. తగ్గించి ఉండవచ్చు. ఎందుకు తగ్గించలేదు? "ఏమప్పా, మీ కారుకు దగ్గు పట్టుకున్నట్టుండాదే!" అని గుంపులో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

మరునాడు బాషా దగ్గరికి పోయాను. అతను స్టీరియో వెనుక కుడి ఎడమ వైర్లు మార్చి కలిపి పాట పెట్టాడు. గరగర కుడి పక్కకు మారలేదు, ఎడమ తలుపులోనే ఉంది. ఆ స్పీకరు విప్పి, దాని ముందుభాగంలోని నల్లటి కాగితాన్ని వేళ్లతో మెల్లగా నొక్కాడు. లోపల ఏదో గీసుకున్న చప్పుడు. అంగడి ముందు పదిమంది ఉన్నారు, నిన్న నవ్వినవాళ్లతో సహా.

"స్టీరియో బాగుండాది, వైరూ బాగుండాది. లోపల కాయిల్ కాలిందన్నా. సౌండు నిండా పెట్టినారా?"

"మేమేం తెలియనోళ్లమా? నువ్వే పాత సరుకు బిగించినావు."

"నేనా? డబ్బా మీ ముందరే విప్పినా కదన్నా!"

"మా గదిలో కూచుని మాకే మోసం చేస్తాండావా?"

అతను నా మొహంలోకి చూశాడు. అతనికి నిజం తెలుసు. నాకు తెలుసన్నదీ తెలుసు.

"సరేలే అన్నా. మీ మాటే కానీ."

మా ఇంటి మాట అప్పటికి ఊళ్లో ఇంకా చెల్లేది. చెల్లిన ఆఖరి మాటను నేను ఇలా వాడుకున్నాను. మోసగాడన్న పేరు పడ్డాక బాషా దగ్గరికి బండ్లు రాలేదు. మూడు నెలలకు అంగడి మూసేసి, పుట్టపర్తిలో ఎవరి దగ్గరో పనికి చేరాడు.

అప్పుడైనా జనాన్ని పిలిచి నిజం చెప్పి ఉండకూడదా? పదిమందిలో తల వంచడం మా వంశంలో లేదని నాకు నేనే చెప్పుకున్నాను, చాలా ఏళ్లు ఆ మాటను నమ్మాను కూడా. అదీ అబద్ధమే. తాత ఒకసారి తప్పు తీర్పు చెప్పి, మరునాడు అదే జనం ముందు నిలబడి దాన్ని దిద్దుకున్నాడని నాయన ఎన్నోసార్లు చెప్పాడు.

బాషా మోసం చేయలేదు. స్పీకరు కాల్చింది నేను. ఈ రెండు మాటలూ రాశాను. హాయిగా ఊపిరి ఆడింది. ఇంత చిన్న మాటలకా ఇన్నేళ్లు పట్టింది? ఈ కాగితం అతనికీ పంపుతున్నాను. క్షమించమని అడగలేదు. తిరిగి వచ్చి అంగడి తెరుచుకోమని అనడానికి ఆ గది ఇప్పుడు మాది కాదు. అతను ఖాళీ చేసిన మరుసటి ఏడే ఎరువుల వ్యాపారికి అమ్మేశాం.