గ్రీజు కింద నెంబరు

ఖమ్మంలో మా ఇంటి ఎదురుగా కొత్త గేటు బిగిస్తున్నారు. పొద్దున్నుంచీ గ్రైండరు మోత. కిటికీలు మూసినా ఇనుము కాలిన వాసన, దాంతోపాటు పాత రంగు మాడిన వాసన లోపలికి వస్తూనే ఉంది. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎదురింటివాళ్ళను తిడుతోంది. ఇరవై ఏళ్ళుగా బస్సు డిపోలో వెల్డరుగా పనిచేస్తున్నాను, రోజూ పీల్చే వాసనే. డిపోలో అయితే పట్టదు. వీధిలోంచి వస్తే మాత్రం సైదులు మేస్త్రీ గుర్తొస్తాడు. ఇక ఆ రోజంతా ఎవరు పలకరించినా నా జవాబు పెడసరంగానే ఉంటుంది.

సైదులు మేస్త్రీది ఇల్లందు. ముప్పై ఏళ్ళు బొగ్గుబావిలో ఫిట్టరుగా చేసి, దిగిపోయాక బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఐటీఐ కాగితం పట్టుకుని పనికోసం తిరుగుతున్న నన్ను చేరదీసింది ఆయనే. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కూడా అయింది. చదివిందంతా మొదటి వారంలోనే మరిచిపొమ్మన్నాడు. "అరే భద్రం, కన్ను అబద్దమాడ్తది. ముందుగాల బొటనేలు పెట్టి సూడు, తర్వాత మిషిను పెట్టు" అనేవాడు. మొహమాటం ఎరగని మనిషి. అతుకు బాగా కుదరకపోతే నలుగురి ముందే "ఏందిరా ఇది, కోడి గెలికినట్టు" అని మళ్ళీ కోయించేవాడు. ఇవాళ నా చేతిలో ఏదైనా పనితనం ఉందంటే అది ఆ తిట్ల పుణ్యమే. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేదు.

ఆయన వేలంలో ఒక పాత పికప్పు కొన్నాడు. ఎప్పుడో బావికి సామాను మోసిన బండి. ముక్కు పొడుగు, తొట్టి సగం తుప్పుకే పోయింది. మిరపకాయల బస్తాలు తోలుతాడేమో అనుకున్నాం. ఆయన మాత్రం తుక్కు కాగితాల కొట్లో దొరికిన విదేశీ పత్రిక పుట ఒకటి తీసి గోడకు అంటించాడు. నేలకు ఆనుకున్నట్టున్న బండి, మూత లేకుండా బయటికి కనిపించే ఇంజను, వెనక లావాటి టైర్లు. అలా మార్చి కట్టిన బండిని హాట్ రాడ్ అంటారని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. మేస్త్రీకి పేరుతో పనిలేదు.

"దీంతోటి ఏం మోస్తవ్ మేస్త్రీ?" అని అడిగాను.

"ఏం మొయ్య. ముప్పై ఏండ్లు నేను మోసిన గదా, ఇగ అది నన్ను మోస్తది. భూమి కింద చేసిన పని ఎవడు సూసిండురా? ఇది పట్టపగలు రోడ్డు మీద అందరు సూడాలె."

రెండేళ్ళు పట్టింది. కప్పు నాలుగు వేళ్ళ ఎత్తు కోసి కిందికి దించాం. తొట్టి కురచ చేశాం. లారీ ఇంజను కూర్చోబెట్టాం. ముందుకు వంగి, వెనక లేచి ఉందని ఊరు దానికి మిడత అని పేరు పెట్టింది. మేస్త్రీ ఏమాత్రం నొచ్చుకోకుండా "అయితే పచ్చరంగే ఏద్దాం తియ్" అన్నాడు. ఆయన భార్య లక్ష్మమ్మ మధ్యాహ్నం క్యారియరు తెచ్చినప్పుడల్లా నడుంమీద చెయ్యి పెట్టుకుని చూసేది. "ఇద్దరు కూసునే బండికి గింత ముస్తాబా? గంగిరెద్దుకు గూడ ఇంత జెయ్యరు" అని ఆటపట్టించేది. కానీ సీటుకు ఎర్ర మఖమల్ గుడ్డ తనే కుట్టింది. బండి పూర్తయితే మొదటి పూజ భద్రాచలం రాముడి గుడి ముందు చేయించాలని మొక్కుకుంది కూడా ఆమే.

బండి చట్రం మీద, కుడివైపు చక్రం దగ్గర, ఛాసిస్ నెంబరు గుద్ది ఉంటుంది. బండి ఎవరిదో తేల్చేది అదే. తుప్పు తినకుండా మేస్త్రీ దాని మీద గ్రీజు ముద్ద మెత్తి ఉంచాడు. మొదటి వారమే నాకు చెప్పాడు కూడా. రెండేళ్ళలో దుమ్ము పేరుకుని అది ఎండిన బురదలా తయారైంది. ఆయన బేరింగుల కోసం ఖమ్మం వెళ్ళి రెండు రోజులు రాలేదు. వచ్చేసరికి చట్రం అద్దంలా మెరవాలని, శభాష్ అనిపించుకోవాలని నాకు దురద. దాని కింద నెంబరుందన్న మాటే మరిచి, ఆ ముద్దను రేకుతో గీకేసి గ్రైండరు డిస్కు పెట్టాను. బొటనవేలు పెట్టలేదు. నిప్పురవ్వల కింద ఒక ఏడు అంకె, సగం మూడు కనిపించాయి. మిషిను ఆపాను. అక్కడితో ఆగి ఉంటే పొరపాటు అనేవాళ్ళు. నేను మళ్ళీ డిస్కు పెట్టి ఆ మిగిలిన సగం కూడా నున్నగా చేసి, పైన నల్లరంగు కొట్టాను.

మేస్త్రీ వచ్చి చట్రం పొడుగునా అరచెయ్యి నడిపించాడు. ముఖం వెలిగింది. "నెంబరు కాడ పైలం, గీకకుంట జేసినవా?" అన్నాడు.

"అవ్ మేస్త్రీ."

వంగబోయి మళ్ళీ లేచాడు. "నీ చెయ్యి పడ్డంక నేను మళ్ళ సూసేదేంది!"

రెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. మా వైపు ఎవరూ బండి కిందికి వంగి చూడరులే, ముందూ వెనకా నెంబరు పలకలుంటే చాలులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. భద్రాచలం దారి అడవి దారి అన్న సంగతి తట్టనే లేదు. టేకు దుంగలు దొంగతనంగా తోలేవాళ్ళు, పట్టుబడితే బండి ఎవరిదో తెలియకుండా ముందే ఆ నెంబరు గీకేస్తారు. అందుకే అక్కడి చెక్‌పోస్టులో వంగి చూస్తారు.

ఆ పొద్దున వాళ్ళిద్దరూ ముందు కూర్చున్నారు. కొబ్బరికాయలు, నిమ్మకాయలు పట్టుకుని నేను తొట్టిలో ఉన్నాను. పాల్వంచలో జనం హోటళ్ళలోంచి టీ గ్లాసులతోనే బయటికొచ్చి చూశారు. మేస్త్రీ పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం అదే మొదటిసారి చూశాను. చెక్‌పోస్టులో అధికారి కూడా ముందు ముచ్చటపడి బండి చుట్టూ తిరిగాడు. తర్వాత అలవాటుకొద్దీ వంగాడు. గుడ్డతో తుడిచాడు.

"నెంబరేది?"

మేస్త్రీ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడ బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"నేనే గీకిన సారు. తుప్పు తీస్తాంటె పోయింది" అన్నాడు మేస్త్రీ.

"ఏం పని చేసేవాడివి?"

"బాయిల ఫిట్టర్ని. ముప్పై ఏండ్లు."

"ముప్పై ఏళ్ళ ఫిట్టరుకు తెలియకుండా నెంబరు పోయిందంటే నన్ను నమ్మమంటావా?"

ఆ అధికారిది తప్పు కాదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. వేలం కాగితంలో నెంబరుంది, దానితో పోల్చడానికి బండి మీద లేదు. బండిని అక్కడే నిలిపేశారు. భద్రాచలం ఇంకెంతో దూరం లేదు. మేం బస్సెక్కి వెనక్కి వచ్చేశాం.

బస్సులో వాళ్ళ వెనక సీటు నాది. లక్ష్మమ్మ గొంతు తగ్గించి అడిగింది. "నిజం జెప్పు. ఎవల బండి అది? ఏ దొంగల కాడ కొన్నవ్?"

"జెప్పిన గదనే. నేనే గీకిన."

"ఎంట్రుకవాసి తేడా పట్టేటోనివి, నీకు నెంబరు కానరాలేదా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఒక్క క్షణంలో నేను నోరు తెరిస్తే సరిపోయేది. అంతకు ముందు వారమే డిపో నుంచి నాకు ఉద్యోగం కాగితం వచ్చింది. కేసులో పేరు పడితే అది పోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేను పిరికివాణ్ణి. ఇల్లందు వచ్చేదాకా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

ఊరూ అదే మాట అంది. సైదులు మేస్త్రీకి తెలియకుండా నెంబరు పోతుందా అని. పనిమంతుడన్న పేరే ఆయన మీద సాక్ష్యమైంది. మూడో రోజు షెడ్డుకు వెళ్ళి, నేను చెప్పేస్తాను మేస్త్రీ అన్నాను.

"నౌకరి కాయితం వచ్చింది గదా, పో. నోరు మూసుకొని పో. మళ్ళ ఈ షెడ్డుకు రాకు." నేను గుమ్మం దాటబోతుంటే మళ్ళీ అన్నాడు. "నెంబరు పోయినందుకు గాదు. నేనడిగిన్నాడు అవ్ అన్నవు సూడు, దానికి."

రావద్దన్నందుకు ఏడవాల్సింది. నాకు మాత్రం బరువు దిగినట్టయింది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. ఏడాది తర్వాత, దుంగలేవీ దొరకలేదు గనక ఆయన మీద పెట్టిన కేసు వదిలేశారు. బండిని వదల్లేదు. అది వానల్లో తుప్పుపట్టి, ముక్కలై, తుక్కు కింద పోయిందని విన్నాను. మేస్త్రీ షెడ్డు మూసేశాడు. ఒకసారి ఇల్లందు బస్టాండులో కనిపిస్తే నేను బస్సు చాటుకు తప్పుకున్నాను.

బండి పట్టుబడిన మూడేళ్ళకు ఆయన పోయాడు. పదకొండో రోజు వెళ్ళి, అందరూ కదిలాక, లక్ష్మమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. మధ్యలో ఆపలేదు, తిట్టలేదు. అంతా విన్నాక ఆమె అంది.

"మూడేండ్లు నేను ఆయనకు అన్నం వడ్డియ్యలే. గిన్నె ముంగట పెట్టి లోపటికి పోయేదాన్ని. ఇంత ఎయ్యాల్నా అని ఒక్కనాడు అడగలే. దొంగ కూడు తినిపిచ్చినవని మొఖం మీదనే అన్న. ఒక్కనాడన్న నీ పేరు జెప్పలే." నా వైపు తిరిగింది. "ఇప్పుడొచ్చి నాకెందుకు జెప్పినవ్ బిడ్డా? ఆయన దొంగ అనుకున్నా బతికేదాన్ని. ఇప్పుడెట్ల బతకాలె?"

చెప్పేస్తే నా పాపం కొంత తీరుతుందని వెళ్ళాను. దాన్ని తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టి వచ్చాను. మా ఇంట్లో రోజూ రెండోసారి వడ్డించేటప్పుడు మా ఆవిడ గరిటె పట్టుకుని ఇంకొంచెం వెయ్యనా అని అడుగుతుంది. చాలంటాను. ఎంత ఆకలిగా ఉన్నా చాలనే అంటాను. నాకు తిండి తక్కువని ఆమె అందరితో చెబుతుంటుంది.