బెంచీ మీద నా బదులు కూర్చున్నవాడు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం కువైట్‌లోని ఫింటాస్‌లో ఉండేవాళ్లం. నా ఉద్యోగం మాత్రం సరిహద్దు అవతల, సౌదీలో. రోజూ పొద్దున్నే కంపెనీ వ్యానులో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. వ్యాను తోలే ఓబులేసుది రాయచోటి దగ్గర పల్లె. అతను గల్ఫ్‌కొచ్చి ఏళ్లయినా, మా కంపెనీలో చేరి నెల కూడా కాలేదు.

ఒకరోజు పొద్దున సరిహద్దు చెక్‌పోస్టులో అధికారి నా పర్మిట్ చూసి, గడువు తీరిపోయిందన్నాడు. కంపెనీ కొత్తది తీసుకుంది గానీ, ఆ కాగితం కువైట్ ఆఫీసులోనే ఉండిపోయింది. అది వచ్చేదాకా నన్ను కదలనివ్వనన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో నా భార్య పచ్చి బాలింత, తోడు ఎవరూ లేరు.

ఓబులేసు తన పాస్‌పోర్టు తీసి అధికారి బల్లమీద పెట్టి, నాకు రాని అరబీలో ఏదో చెప్పాడు. అధికారి కాసేపు ఆలోచించి తలూపాడు.

“నేనీడ కూచుంటాన్నా. కొత్తోణ్ణి, ఆఫీసులో నా చేతికియ్యరు. నువ్వే పోయి ఆ కాగితం తెచ్చుకో” అన్నాడు ఓబులేసు.

“నేను రాకపోతే నిన్ను లోపలేస్తారయ్యా!”

“రాకుండా యాడికి పోతావు? యల్లా, బయల్దేరు.”

నాకు వ్యాను తోలడం రాదు. దారినపోయే కారు పట్టుకుని వెళ్లి, కాగితంతో తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. ఓబులేసు ఆ బెంచీ మీదే ఉన్నాడు. ముఖం వాడిపోయింది గానీ, నన్ను చూసి నవ్వాడు.

ఓబులేసు పాస్‌పోర్టు తిరిగిస్తూ అధికారి నాతో వచ్చీరాని ఇంగ్లీషులో, “నీ తమ్ముడు చాలా మంచివాడు” అన్నాడు.

పొద్దున ఓబులేసు ఏం చెప్పాడో నాకప్పుడు అర్థమైంది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇన్నేళ్లలో మళ్లీ ఎవరికీ కాదని చెప్పలేదు.