నా సీట్లో కూర్చున్న ఇసుక బస్తా

ఇన్నేళ్లుగా నేను అడుగుతున్న ఒకే ఒక్క ప్రశ్నకు ఇంతవరకూ జవాబు లేదు. వాయిస్ మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, అంతే. పండగ శుభాకాంక్షలు మాత్రం ఠంచనుగా వస్తాయి. అడిగినదానికి తప్ప అన్నిటికీ బదులిచ్చే పెద్దమనుషుల్ని దోహాలో చాలామందిని చూశాను గానీ, కెప్టెన్ సాబ్‌ని మించినవాణ్ణి చూడలేదు. మీరన్నా వింటారని రాస్తున్నాను.

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలుండేవి. దోహాలోని గ్యారేజీలన్నీ వెతికినా ఇంజన్ లోపల గ్రైండర్ తిప్పడంలో నాకు సాటి లేరన్నది ఒకటి. ఆ సంగతి ఎవరూ గుర్తించడం లేదన్నది రెండోది. (రెండో నమ్మకం నేటికీ చెక్కుచెదరలేదు.) మా గ్యారేజీలో ఇసుక దిబ్బల మీద పందేలాడే కార్లకు రోటరీ ఇంజన్లు తయారుచేసేవాళ్లం. అందులో పిస్టన్లుండవు. మూడు మూలల రోటరు ఒక గూటిలో గిరగిరా తిరుగుతుంది. మండిన గాలి ఆ గూటి గోడకున్న రంధ్రంలోంచి బయటపడుతుంది. దాన్నే పోర్టు అంటాం. ఆ రంధ్రం అంచును పైకి చెక్కితే గాలి ముందుగానే తన్నుకొచ్చి పొగగొట్టంలోంచి మంటలు చిమ్ముతుంది. మంట ఎంత పొడుగైతే కస్టమర్‌కు అంత సంతోషం. మా మేస్త్రీ నిజామాబాద్ ఉస్తాద్ నీలం సిరాతో గీత గీసేవాడు, నేను దాని వెంబడే చెక్కేవాణ్ణి. ఇంతే మా విద్య.

అలాంటి మా దగ్గరికి కెప్టెన్ సాబ్ రెండు ఇంజన్ గూళ్లు పట్టుకుని వచ్చాడు. హైదరాబాద్ మనిషి, రిటైరైన పైలట్. తన విల్లా వెనక షెడ్డులో సొంత చేతులతో రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాడు. దానికి పాత స్పోర్ట్స్ కారు ఇంజన్ పెడతానన్నాడు. ఉస్తాద్ తలూపి, అలవాటు కొద్దీ, పందెం కార్ల గీతే గీశాడు.

కెప్టెన్ సాబ్ కళ్లజోడు పైకి తోసి చూశాడు. "ఇదేంది ఉస్తాద్, ఇంత మీదికి గీసినవ్?"

"హమేషా ఇట్లనే గీస్తం సాబ్. మంటలు మస్తుగొస్తయి."

"మంటలా! నేను ఆస్మాన్‌ల ఉంటనయ్యా. ఎవరికి చూపియ్యాలె, గద్దలకా?"

అంచు ముట్టుకోవద్దు, దాని వెనకాలి దారిని బూర మూతిలా విప్పి నున్నగా చెయ్యమని ఆయన నాకు చెప్పాడు. ఆ గోడకు అవతలే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు తిరిగే దారి. గ్రైండర్ ఒక్క పిసరు జారితే చిల్లు పడి గూడు తుక్కు కింద పోతుంది. "చిల్లు పడితే ఫికర్ లేదు బేటా, కనబడ్తది. పడీపడనట్టు పల్చగైతేనే పరేషాన్, మీదికి పోయినంక పగుల్తది. పైన ఇంజన్ ఆగితే సైడుకు ఆపుకునే జాగ ఉండది" అన్నాడు. ఆ మాట విన్నాక నా చిటికెన వేలే నా కొలబద్ద అయింది. కాసేపు చెక్కడం, లోపల వేలు పెట్టి తడమడం, మళ్లీ చెక్కడం. పని అయ్యాక కెప్టెన్ సాబ్ తన వేలు పెట్టి చాలాసేపు తడిమాడు. మెచ్చుకుంటాడని నిలబడ్డాను. "నీ బరువెంత బేటా?" అన్నాడంతే.

రెండు సీట్లు, నా బరువు! ఇంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు? మేముండే లేబర్ క్యాంప్‌లో అందరికీ చాటాను. ఏషియన్ టౌన్ బజార్లో నల్లకళ్లద్దాలు కొన్నాను. జగిత్యాలకు ఫోన్ చేస్తే మా అమ్మ, "దుబాయ్ పోయేటప్పుడు ఇమానం ఎక్కే పోయినవు గదరా, మల్లెందుకు?" అంది. (నాది ఖతార్ అని ఆమెకు చెప్పడం ఎప్పుడో మానేశాను.) చెప్పిన బరువు పెరగకూడదని క్యాంప్ బిర్యానీ కూడా వదులుకున్నాను.

విమానం సిద్ధమై కెప్టెన్ సాబ్ మమ్మల్ని రమ్మన్న శుక్రవారం పొద్దున, ఎడారి మధ్య చిన్న రన్‌వే దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని దిగాను. కెప్టెన్ సాబ్ నన్ను కాటా మీద నిలబెట్టాడు. తర్వాత నా చేతికి ఖాళీ సంచి ఇచ్చాడు.

"ఇసుక నింపు. సరిగ్గ నీ అంత బరువుండాలె."

"ఎందుకు సాబ్?"

"రెండో సీట్ల బరువుండాలె గద, లేకుంటే బ్యాలెన్స్ తప్పుతది. మొదటిసారి మనిషిని ఎక్కిస్తే రూల్ ఒప్పుకోదు."

నాకు బదులుగా కూర్చునేదాన్ని నా చేతులతోనే నింపాను. దానికి బెల్టు కూడా నేనే కట్టాను. ఉస్తాద్ పొట్ట పట్టుకుని, "అరే, పెండ్లిపిల్లగాని లెక్క కూసుందిరా నీ బస్తా! కళ్లద్దాలు గూడ పెట్టు" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు.

కానీ ఇంజన్ మోగగానే నా కోపం కూడా నోరు మూసుకుంది. మా కార్ల అరుపు కాదది. మంట లేదు, పేలుడు లేదు, ఎక్కడా తెగని ఒకే ఒక్క గొంతు. నా వేలు తడిమిన దారిలోంచే ఆ ఊపిరంతా వస్తోంది. విమానం కదిలింది, పరుగెత్తింది, దాని నీడ దాన్నుంచి విడిపోయింది. అది తేలగానే నా చిటికెన వేలిని చూసుకున్నాను. ఒక్కచోట పల్చబడి ఉంటే? ఆకాశంలో ఆ మనిషి బతుకంతా నా వేలు చెప్పిన మాట మీదే ఉంది. అది చుక్కంతై, తిరిగొచ్చి, మెల్లగా నేల తాకేదాకా ఉస్తాద్ నా చెయ్యి వదల్లేదు. నవ్విన నోటితోనే ఏవో దువాలు చదువుతున్నాడు. దిగిన కెప్టెన్ సాబ్ ఉస్తాద్‌ని కౌగిలించుకుని, నా భుజం తట్టి అన్నాడు: "వచ్చేసారి నువ్వే బేటా. ఇన్షా అల్లా."

ఆ తర్వాత ఆయన మేనల్లుడు ఎక్కాడు. పళ్ల డాక్టర్ ఎక్కాడు. అన్నీ నాకు తెలుసు. ఎవరూ దొరకని రోజు బస్తా ఎక్కుతుందట. ఇప్పటికీ దోహా వెస్ట్ బే మీద చిన్న విమానం చప్పుడు వినిపిస్తే నా చిటికెన వేలు తనంతట తానే లేస్తుంది. నాకిప్పుడు పొట్ట వచ్చింది, కాటా నన్ను చూసి మూలుగుతుంది. నాలోని ఆనాటి కుర్రాడు మాత్రం ఆ రోజున్నంత బరువుతో, పొట్ట లేకుండా, ఇంకా ఆ బస్తాలోనే కూర్చుని ఉన్నాడు. వాడన్నా ఎగురుతున్నాడులే అనుకుంటే కాస్త నవ్వొస్తుంది. అలాగని ఊరుకోను.

కెప్టెన్ సాబ్, శుభాకాంక్షలు చాలు. ఆ సీటు నాదా, బస్తాదా? ఈసారన్నా జవాబు చెప్పండి.